వాసన గడిలో టిక్కు

ముక్కయ్య అన్నది ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసువాళ్ళు పెట్టింది. ఆ ముక్కేమీ పొడుగు కాదు, వంకరా కాదు, అందరికీ ఉండేలాంటిదే. కాకపోతే అది చేసే పనికి అందరూ ముక్కున వేలేసుకునేవారు.

ఆయన ఉద్యోగం ఇళ్ళు చూడడం. ఎవరైనా పాత ఇల్లు కొనుక్కోబోతుంటే, బేరం ఖాయం చేసుకునే ముందు ఆ ఇంటిని పైకప్పు నుంచి పునాది దాకా పరిశీలించి రిపోర్టు రాసిచ్చే చిన్న ఆఫీసులో పనిచేసేవాడు. టార్చిలైటు, మడత నిచ్చెన, గోడలో తేమ కొలిచే మీటరు, గ్యాసు లీకును పట్టే పరికరం, ఇవన్నీ ఆయన సంచిలో ఉండేవి. కానీ వాటికంటే ముందు ఆయన ముక్కు పనిచేసేది. ఒకసారి కొత్త రంగులు వేసి పెళ్ళికూతురిలా ముస్తాబు చేసిన ఇంట్లోకి అడుగుపెట్టీ పెట్టగానే, "ఆ బీరువా కాస్త జరపండి, వెనక గోడ నానింది" అన్నాడు. ఇంటాయన ఒట్టేసి కాదన్నాడు. బీరువా జరిపితే గోడ తడిసిన అట్టముక్కలా చేతికి ఊడొచ్చింది. ఆ రోజు నుంచీ ఆయన ముక్కయ్య అయిపోయాడు. పైకి విసుక్కునేవాడు గానీ, ఆ పేరంటే లోపల ముచ్చటే.

ఆ రిపోర్టు అన్ని ఇళ్ళకీ ఒకటే అచ్చు. పైకప్పు, గోడలు, కిటికీలు, వైరింగు, కుళాయిలు, మురుగు పోయే దారి, ఇలా వరసగా ఉంటాయి. ప్రతిదాని ఎదురుగా నాలుగు గడులు: బాగుంది, లోపం ఉంది, ఈ ఇంట్లో లేదు, పరిశీలించలేదు. నాలుగో గడిలో టిక్కు పెడితే పక్కనే కారణం కూడా రాయాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ నాలుగు గడుల సంగతి నేర్పేది ముక్కయ్యే.

"నిచ్చెన అందలేదా, అందలేదని రాయండి. గదికి తాళం ఉందా, తాళం ఉందని రాయండి. సిగ్గుపడకండి. చూడనిదాన్ని చూసినట్టు రాస్తే మాత్రం, ఆ కాగితం నమ్ముకుని ఓ కుటుంబం ఆ కప్పు కింద పడుకుంటుందని గుర్తుంచుకోండి," అనేవాడు.

చెప్పడమే కాదు, తనూ అలాగే రాసేవాడు. అందుకే మేనేజరమ్మ మిగతావాళ్ళ రిపోర్టులు గడిగడీ చూసేది గానీ, ముక్కయ్య రిపోర్టు మీద చూడకుండానే సంతకం పెట్టేది.

ఒక ఏడాది చలి మొదలవుతున్న రోజుల్లో ఆయన్ని పెద్ద జ్వరం పట్టుకుంది. దగ్గు, పడిశం, ఒళ్ళునొప్పులు. చాలా రోజులు మంచం దిగలేదు. చివరికి జ్వరం పోయింది, దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

మొదట ఆయనకే తెలియలేదు. ఓ పొద్దున భార్య పొయ్యి మీద పాలు పెట్టి, "కాస్త చూస్తుండండి, స్నానం చేసొస్తాను" అని వెళ్ళింది. ఆయన పొయ్యికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పాలు పొంగాయి, ఇంకాయి, గిన్నె అడుగంటింది, మాడు వాసన గుమ్మం దాటింది. ఆయన పేపరు తిప్పుతున్నాడు. భార్య తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది.

"ఇదేం చోద్యమండీ! పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటుంటే పక్కనే కూర్చున్న మీకు తెలియలేదా? ముక్కేమైనా అద్దెకిచ్చారా?"

"పేపర్లో పడిపోయానే," అన్నాడాయన.

ఆమె వెళ్ళాక మాడిన గిన్నె చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. సబ్బు, బూట్ల పాలిషు, ఉల్లిపాయ, నిన్నటి చెమట చొక్కా, ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. అన్నీ గాజుగ్లాసును వాసన చూసినట్టే ఉన్నాయి.

ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "జ్వరానికి నరం దెబ్బతింది. రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి," అన్నాడు డాక్టరు. అదేమీ దాచుకోవాల్సిన జబ్బు కాదు. ఎవరికైనా వస్తుంది. కానీ ముక్కయ్యకు ముక్కు పోయిందంటే నవ్వనివాడెవడు? ఆఫీసులో టీ తాగుతూ ఒకరి భుజం ఒకరు చరుచుకుని నవ్వడం ఆయనకు ముందే వినిపించింది. నాలుగు రోజులు ఆగితే వచ్చేస్తుందిలే అనుకున్నాడు. భార్యకూ చెప్పలేదు.

దాచడం మొదలుపెట్టాక దానికి తగ్గట్టే బతకాల్సి వచ్చింది. తన ఒళ్ళు వాసన వేస్తోందో లేదో తనకు తెలియదు కాబట్టి పొద్దునా సాయంత్రమూ రుద్దిరుద్ది స్నానం చేసేవాడు. ఎంత కొట్టుకోవాలో తెలియక సెంటు బాగా దట్టించేవాడు. ఆయన గదిలోకొస్తే భార్య తుమ్మేది.

"ఈ వయసులో ఈ గుబాళింపేంటండీ? ఎవరికోసం?" అనేది నవ్వుతూనే. ఆ నవ్వులో కొంచెం అనుమానం కూడా ఉండేది. అన్నం దగ్గర కూర్చుంటే ఉప్పూ కారం తప్ప మిగతాదంతా ఆయనకు మట్టే. అయినా ఆమె ఎలా ఉందని అడిగితే "బాగుంది" అనేవాడు. మాడినా బాగుంది, పచ్చిగా ఉన్నా బాగుంది. ఇంట్లో ఏదైనా వాసన వస్తోందేమోనని ఎదుటివాళ్ళ మొహాలు చూసి కనిపెట్టేవాడు. వాళ్ళు మొహం చిట్లిస్తే తనూ చిట్లించేవాడు.

ఆఫీసు పని మాత్రం ఆగలేదు. రిపోర్టులో ప్రతి గదికీ చిట్టచివర ఒక వరస ఉంటుంది: వాసన. జ్వరం తర్వాత మొదటి ఇంట్లో ఆ వరస దగ్గర ఆయన పెన్ను ఆగింది. నాలుగో గడి వైపు వెళ్ళింది. కారణం అన్న గీత చూసి వెనక్కొచ్చింది. ఏమని రాస్తాడు? పైగా మీటరు తేమను చెబుతోంది, పరికరం గ్యాసును చెబుతోంది, ఇక ముక్కు చెప్పేదేముంది అని తనకు తానే సర్దిచెప్పుకుని "బాగుంది" గడిలో టిక్కు పెట్టాడు. చెవులు వేడెక్కాయి. తర్వాతి ఇంట్లో అంత వేడెక్కలేదు. మునిగినవాడికి చలేంటన్నట్టు, రానురానూ పెన్ను దానంతటదే ఆ గడిలోకి పోయేది.

అలాంటి రోజుల్లో ఒక బస్సు డ్రైవరు ఇల్లు కొనుక్కోవడానికి ఆఫీసుకొచ్చాడు. అద్దె ఇళ్ళలో సామాన్లు మోసీమోసీ విసిగిపోయినవాడు. సందు చివర చిన్న ఇల్లు. ముందు రెండు గదులు, వంటిల్లు, వెనక ఒక చిన్న గది. పరిశీలన రోజున డ్రైవరు తన భార్యనూ, తల్లినీ వెంటబెట్టుకొచ్చాడు. వెనక గది ఆ తల్లి కోసమే అనుకున్నారు. దానికి ఎండ తగిలే కిటికీ ఉంది. పెద్దావిడ ఆ కిటికీ దగ్గర నిలబడి మంచం ఎటు వేయాలో చేత్తో కొలుచుకుంటోంది.

ముక్కయ్య పద్ధతి ప్రకారం అంతా చూశాడు. పైకప్పు ఎక్కాడు. స్విచ్‌బోర్డులు విప్పాడు. బాత్రూములో బక్కెట్లకొద్దీ నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా గుడగుడమంటూ పోయాయి. వెనక గది గోడలకు మీటరు ఆనించాడు, పొడిగా ఉన్నాయి. రిపోర్టు పలక మీద పెట్టుకుని ఆ గది వరసలు నింపుతుంటే పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"బాబూ, ఇక్కడేదో వాసన వస్తున్నట్టు లేదూ?"

ముక్కయ్య పెన్ను ఆపాడు. ఆమె మొహం చూశాడు. చిట్లించలేదు, ఉత్తినే అడుగుతోంది. కొడుకూ కోడలూ ముందుగదిలో ఉన్నారు. చూసి కనిపెడదామంటే వేరే మొహం లేదు. ఏం చేయాలో తోచక, ఇన్నేళ్ళూ చేసిందే చేశాడు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పైకెత్తి, నిండుగా ఊపిరి పీల్చాడు. ఒక మూలకు నడిచి మళ్ళీ పీల్చాడు.

"మూసి ఉంచిన ఇల్లు కదమ్మా, గాలి ఆడక అలా అనిపిస్తుంది. నాలుగు రోజులు తలుపులు తెరిస్తే పోతుంది," అన్నాడు.

"అంతేనంటావా? సరేలే నాయనా, నీ పనే అది కదా. నా ముక్కు కూడా నాతోపాటే ముసలిదైపోయింది," అని ఆమె నవ్వేసింది.

ఆయన "బాగుంది" గడిలో టిక్కు పెట్టాడు.

వాళ్ళు ఇల్లు కొన్నారు, చేరారు. ముక్కయ్య ఆ ఇంటిని మరిచిపోయాడు. ఎండలు ముదిరిన తర్వాత ఒక ఉదయం మేనేజరమ్మ ఆయన్ని పిలిచింది. ఆమె వయసులో ఆయనకంటే బాగా చిన్నది, అయినా తొణకని మనిషి.

"ఆ డ్రైవరుగారి ఇల్లు గుర్తుందా సార్? సందు చివరిది. వెనక గదిలో నేల కుంగిందట. ప్లంబరు తవ్వితే కింద మురుగు పైపు విడిపోయి ఉందట. ఎన్నాళ్ళ నుంచో కారుతోందంటున్నాడు. మీరూ రండి, ఇద్దరం వెళ్దాం."

దారి పొడుగునా ముక్కయ్య లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. పైపు నేల కింద ఉంది, కంటికి కనబడదు. నీళ్ళు పోస్తే పోయాయి. మట్టి పీల్చేసుకుంటుంటే పోక ఏం చేస్తాయి? గోడలు పొడిగా ఉన్నాయి. దీన్ని ఎవరు మాత్రం పట్టగలరు అని అనుకున్నాడు. పట్టగలిగింది ఏదో ఆయనకు తెలుసు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కారు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు.

వెనక గదిలో మంచం ఓ గోడకు జరిపి ఉంది. మధ్యలో టైల్సు పగలగొట్టి గొయ్యి తీశారు. డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. మేనేజరమ్మ గుమ్మంలోనే ఆగి చేతిరుమాలు ముక్కుకు అదుముకుంది. డ్రైవరు భార్య వంటింటి గడప దగ్గర తల దించుకుని ఉంది. పెద్దావిడ ఆమె వెనకాల గోడకు ఆనుకుని నిలబడింది. ముందుకంటే చిక్కిపోయింది.

ముక్కయ్య మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి గొయ్యిలోకి వంగాడు. పైపు జాయింటు విడిపోయి, చుట్టూ మట్టి నల్లగా బురదై ఉంది. ఇంకా వంగి, మొహం దాదాపు గోతిలో పెట్టి, విడిపోయిన అంచు పాతదో కొత్తదో చూశాడు. పాతదే. వీళ్ళు కొనకముందు నుంచీ ఉన్నదే.

"ఇక్కడ ఉన్నవాళ్ళకు ముందే తెలిసుండాలి కదండీ," అంది మేనేజరమ్మ, రుమాలు తీయకుండానే, "ఇంత వాసన వస్తుంటే."

డ్రైవరు భార్య తలెత్తలేదు. "వచ్చిన కొత్తలో కొంచెం ఉండేదండీ. తర్వాత ఎక్కువైంది. రిపోర్టు తీసి చూసుకున్నాం. ఈ గదిలో వాసనేం లేదు, బాగుందని రాసుంది. మరైతే ఇంటిది కాదు, మేము వచ్చాక మొదలైందే అనుకున్నాం. ఈ గదిలో పడుకునేది అత్తయ్య ఒక్కతే కదా..." అని ఆగిపోయింది.

మిగతాది డ్రైవరు చెప్పాడు. చెప్పేటప్పుడు తల్లి వైపు చూడలేదు. "అమ్మకు వయసైంది కదా సార్. తెలియకుండా పక్క తడుపుతోందేమో అనుకున్నాం. ఆవిడ కాదంటే, పాపం సిగ్గుపడి కాదంటోంది అనుకున్నాం. పరుపు కింద ప్లాస్టిక్ షీటు వేశాం. మా పాప నాన్నమ్మ దగ్గర పడుకోనంది. ఎవరైనా ఇంటికొస్తే ఈ తలుపు మూసేవాళ్ళం."

"ఆవిడ చీకటి పడ్డాక మంచినీళ్ళు ముట్టడం మానేసిందండీ," అంది కోడలు సన్నగా. "పొద్దున మేము లేవకముందే దుప్పట్లు ఉతికి ఆరేసేది. నేను వద్దనలేదు."

ప్లంబరు తలుపు దగ్గర్నుంచి ముక్కయ్యను చూసి మెచ్చుకోలుగా అన్నాడు. "మీరు గట్టివారు సార్. నేనే తవ్వేటప్పుడు రెండు మాట్లు బయటికెళ్ళి వాంతి చేసుకున్నాను."

అప్పుడు గమనించాడు ముక్కయ్య. గదిలో ఉన్నవాళ్ళందరి మొహాలకూ ఏదో ఒకటి అడ్డం ఉంది. తను ఒక్కడే గోతిలో మొహం పెట్టి తీరిగ్గా ఉన్నాడు. ఎదుటివాళ్ళ మొహాలు చూసి చిట్లించడం ఇవాళ మరిచిపోయాడు. గబుక్కున లేచి జేబులో రుమాలు వెతుక్కున్నాడు. ఆ వెతుక్కోవడం పెద్దావిడ చూసింది.

ఆమె కోడల్ని తప్పించుకుని రెండడుగులు ముందుకొచ్చింది.

"బాబూ, నీకు వాసన రావట్లేదు కదూ?"

"అలవాటైపోయిందమ్మా, మా పనే అంత" అన్న మాట ముక్కయ్య నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాటంటే అందరూ నమ్మేవాళ్ళు కూడా. కానీ ఎదురుగా మంచం ఉంది. దుప్పటి అంచు కింద నుంచి ప్లాస్టిక్ షీటు కనబడుతోంది.

"రాదమ్మా," అన్నాడు.

మేనేజరమ్మ రుమాలు కిందికి దించింది. "ఎప్పట్నుంచి?"

"నాకు జ్వరం వచ్చినప్పట్నుంచి."

"అంటే ఈ ఇల్లు చూసేనాటికి..."

"అప్పటికే పోయింది."

డ్రైవరు మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాడు ముక్కయ్య. అరిచినా బాగుండేది. పెద్దావిడ మాత్రం ఏదో అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నదానిలా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

"మరి ఆ రోజు అంత ఊపిరి ఎందుకు పీల్చావు నాయనా?"

ముక్కయ్య టార్చి ఆర్పి సంచిలో పెట్టాడు. ఆమె "నేను అడిగాను. అడిగినప్పుడు తెలియదని చెప్పినా సరిపోయేది. నా ముక్కే చెడిందనుకున్నాను. తర్వాత నేనే చెడ్డాననుకున్నాను," అని, గోడ పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయింది. కోడలు ఆమె వెనకాలే వెళ్ళింది. ఇద్దరూ మాట్లాడుకున్నట్టు వినబడలేదు.

ఇద్దరూ తిరిగి బయల్దేరారు. ఆఫీసుకొచ్చాక మేనేజరమ్మ తలుపు వేసి, "మరమ్మతు ఆఫీసే చేయిస్తుంది. అది నేను చూసుకుంటాను. రిపోర్టు మాత్రం మీరే దిద్దాలి," అని ఖాళీ ఫారం ఆయన ముందు పెట్టింది. "అందరికీ నేర్పింది మీరే. నేను మీ రిపోర్టులు చూడకుండా సంతకం పెట్టాను. ఆ సిగ్గు నాది. మీది మీరు రాయండి."

ముక్కయ్య కూర్చున్నాడు. వెనక గది, వాసన అన్న వరస. నాలుగో గడిలో టిక్కు పెట్టాడు. కారణం దగ్గర "అనివార్య పరిస్థితుల వల్ల" అని రాశాడు. మేనేజరమ్మ చదివి వెనక్కిచ్చింది. "పరిశీలకుడి అనారోగ్యం వల్ల" అని రాశాడు. "అనారోగ్యం అయితే సెలవు పెట్టాలి కదా?" అని అదీ వెనక్కిచ్చింది. మూడోసారి చాలాసేపు కాగితం కేసి చూస్తూ కూర్చున్నాడు. తన ముక్కుకు జనం ఆశ్చర్యపోయిన రోజులు, తను మురిసిపోయిన రోజులు అన్నీ ఆ చిన్న గీత మీదికి వచ్చి నిలబడ్డాయి. చివరికి "పరిశీలకుడికి వాసన తెలియదు" అని రాశాడు. ఈసారి ఆమె వెనక్కివ్వలేదు. తేదీ వేయమంది.

"ఇది మీరే స్వయంగా తీసుకెళ్ళి వాళ్ళకివ్వండి. ఇంకో సంగతి. జ్వరం తర్వాత మీరు చూసిన ఇళ్ళన్నింటికీ ఇవాళ్టి నుంచి ఫోన్లు చెయ్యాలి."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. వింటూ వింటూ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపేసింది. మొదట జాలిపడింది. డాక్టరు ఏమన్నాడో గుచ్చి గుచ్చి అడిగింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఏం వండి పెట్టినా బాగుంది బాగుంది అన్నారే?"

ఆయన కింద పడ్డ దారపు రీలు తీసి మిషను మీద పెట్టాడు.

"మా చెల్లెలికి ఫోను చేసి చెప్పుకున్నానండీ. జ్వరం తగ్గాక మా ఆయన వంకలు పెట్టడం మానేశాడే, మనిషి మారిపోయాడే అని." ఆమె సూది కింద గుడ్డ సర్దుకుంది. "సెంటు ఎవరికోసమో అని కూడా ఏడ్చాను ఓ రోజు. చెబితే ఏం పోయేది? నేను నవ్వుతాననుకున్నారా?"

"అందరూ నవ్వుతారనుకున్నాను."

"నేను అందర్లో ఒకదాన్నా?" అని ఆమె మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టింది. కొన్ని రోజులు ఆమె వడ్డించేది గానీ ఎలా ఉందని అడగలేదు. ఆ అడగకపోవడం ఆయనకు ప్రతి ముద్దకూ తెలిసేది.

మర్నాడు రిపోర్టు పట్టుకుని డ్రైవరు ఇంటికి వెళ్ళాడు. డ్రైవరు డ్యూటీకి వెళ్ళాడు. కోడలు కాగితం తీసుకోబోతే, పెద్దావిడ ముందుగదిలో కుర్చీలోంచి, "ఏం రాశాడో చదవమను. పైకి చదవమను," అంది. కూర్చోమని అనలేదు. ముక్కయ్య నిలబడే చదివాడు. గోడలు, నేల, కిటికీ, ఒక్కో వరసా చదువుతూ చివరిదాని దగ్గరికొచ్చాడు. "వాసన. పరిశీలించలేదు. కారణం: పరిశీలకుడికి వాసన తెలియదు."  వరండాలో డ్రైవరు కూతురు నోరు తెరుచుకుని వింటోంది.

"అంతేనా?" అంది పెద్దావిడ.

"అంతేనమ్మా."

"మరి నేను చెప్పింది ఏది? వాసన వస్తోందని ఆ రోజు నేను చెప్పాను కదా. నీకు తెలియకపోతే నీకు తెలియలేదు. నాకు తెలిసింది. అది రాయలేదేం?"

ముక్కయ్య కాగితం చూశాడు. ప్రతి పేజీ అడుగునా "ఇతర వివరాలు" అని ఒక పెట్టె ఉంటుంది. ఇంటివాళ్ళు చెప్పిన మాట ఏదైనా ఉంటే అందులో రాయాలని నియమం. కొత్తవాళ్ళకు ఆ సంగతీ ఆయనే చెప్పేవాడు. ఆ రోజు ఆ పెట్టె ఖాళీగా వదిలాడు, నిన్న దిద్దినప్పుడూ ఖాళీగానే వదిలాడు. మేనేజరమ్మకు కూడా తట్టలేదు. జేబులోంచి పెన్ను తీసి, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసింది పైకి చదివాడు.

"ఈ గదిలో వాసన వస్తోందని కొనుగోలుదారుడి తల్లి పరిశీలన సమయంలో చెప్పారు. పరిశీలకుడు ఆ మాటను కొట్టిపారేశాడు. ఆమె చెప్పింది నిజం."

పెద్దావిడ కాగితం కోడలికి ఇవ్వమని చెయ్యి చూపింది. "మా వాడు వచ్చాక వాడికి చూపించు," అంది కోడలితో. తర్వాత ముక్కయ్యతో, "ఇక వెళ్ళు బాబూ," అంది. కోపంగా అనలేదు. మంచిగానూ అనలేదు.

ఫోన్లు చేయడం ఇంకో నరకం. "మీ ఇంట్లో ఏమైనా వాసన వస్తోందాండీ?" అని అడిగితే కొందరు ఎవరో ఆకతాయి అనుకుని పెట్టేశారు. ఒకాయన, "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా?" అని గద్దించాడు. ఒకావిడ జాలిపడి తన బావగారికి తగ్గిన మందు పేరు చెప్పింది. జాలి పడ్డప్పుడే ఆయనకు ఎక్కువ కష్టమనిపించింది. అదృష్టం కొద్దీ మిగతా ఇళ్ళలో పెద్ద లోపాలేమీ బయటపడలేదు. ఆఫీసులో ఆయన భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. ముక్కయ్య అని పిలవడం మాత్రం మానేశారు. "సార్" అనడం మొదలుపెట్టారు. ఆ మర్యాద ఆయనకు గుచ్చుకునేది.

మేనేజరమ్మ ఆయన్ని పనిలోంచి తీసేయలేదు. ఒక షరతు పెట్టింది. ప్రతి ఇంటి గుమ్మంలోనూ, పని మొదలుపెట్టేముందే, తనకు వాసన తెలియదని చెప్పాలి. వాసన సంగతి ఇంట్లోవాళ్ళను గదిగదికీ అడిగి, వాళ్ళు చెప్పినట్టు, వాళ్ళు చెప్పారనే రాయాలి. మొదట్లో ఆ మాట చెప్పడానికి వీధి మలుపు నుంచే నోట్లో సాధన చేసుకుంటూ వెళ్ళేవాడు. "ముక్కు లేనాయన్ని పంపారేంటండీ?" అని ఒకాయన ఆఫీసుకు ఫోను చేసి వేరేవాళ్ళను పంపించుకున్నాడు. తప్పు పట్టడానికేముంది? ఆయన సంచి సర్దుకుని వచ్చేశాడు.

డ్రైవరు ఇంట్లో మరమ్మతు పూర్తయ్యాక ఆఖరి పరిశీలన కూడా ఆయనే చేయాల్సి వచ్చింది. కొత్త పైపు, కొత్త గచ్చు, కొత్త టైల్సు. అన్నీ చూసి రాశాడు. చివరి వరస దగ్గర ఆగి, గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగాడు.

"అమ్మా, వాసన ఏమైనా వస్తోందా, మీరు చెప్పాలి."

ఆమె లోపలికొచ్చింది. తొందరపడలేదు. కిటికీ దగ్గర ఆగింది, మూలకు వెళ్ళింది, మంచం పక్కన వంగి చూసింది. గది మధ్యకొచ్చి నిలబడింది.

"లేదు. రాసుకో," అంది.

"లేదని ఇంటి పెద్దావిడ చెప్పారు," అని రాసుకున్నాడు. ఆమె చదివించుకోలేదు. ముందుగదిలోకి వెళ్ళిపోయింది. మంచం మీద పరుపు కింద షీటు లేదు. దిండు పక్కన చిన్నపిల్ల గౌను ఒకటి మడత పెట్టి ఉంది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే కోడలు గేటు దాకా వచ్చింది.

"అంతా బాగుంది కదమ్మా?" అని అడిగాడు. అడిగాక, బాగుంది అన్న మాట తన నోట్లో ఎలా ఉందో తనకే వినబడింది.

"బాగుందండీ. పాప మళ్ళీ నాన్నమ్మ దగ్గరే పడుకుంటోంది." ఆమె గేటు గడియ పట్టుకుని కాసేపు తచ్చాడింది. ఇంట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "కానీ అత్తయ్య ఇంకా పొద్దున లేవగానే దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటోందండీ. మేము చూడట్లేదనుకుని. ఏం లేదత్తయ్యా అని చెబుదామని నోటి దాకా వస్తుంది. నా మాట ఆవిడ నమ్ముతుందా?"

ముక్కయ్య ఒకసారి ఇంటి వైపు చూశాడు.  నిచ్చెన భుజానికెత్తుకుని సందు చివరి నుంచి పెద్ద రోడ్డు వైపు నడిచాడు.